అదే గడపకు మళ్లీ మళ్లీ: వైద్య విద్యార్థులకు ప్రజల మధ్య ప్రపంచ ఆరోగ్య శిక్షణ ఏర్పాటు చేసే విధానం

1961లో ఆరోగ్య సేవల పరిశోధకుడు కెర్ వైట్, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్ దేశాల సమాచారం ఆధారంగా ఒక లెక్క ప్రచురించారు. వెయ్యి మంది పెద్దలున్న జనాభాలో ఒక నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యమో గాయమో కలుగుతుందనీ, వారిలో 250 మంది వైద్యుడి దగ్గరకు వెళ్తారనీ, 9 మంది ఆసుపత్రిలో చేరతారనీ, విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం దాకా పంపబడేది ఒక్కరేననీ ఆ లెక్క తేల్చింది. 2001లో మరో బృందం ఆ లెక్కను మళ్లీ వేసినప్పుడూ చిత్రం దాదాపు అలాగే కనిపించింది. వైద్య విద్యలో అత్యధిక భాగం ఆ ఒక్కరి మంచం చుట్టూ నిలబడే సాగుతుంది. జబ్బుపడి కూడా ఎవరి దగ్గరకూ వెళ్లని 500 మంది ఎందుకు వెళ్లలేదో, ఇంట్లో ఏం చేసుకున్నారో, ఎవరిని అడిగారో ఆ మంచం పక్కన నిలబడినంత కాలం విద్యార్థికి తెలియదు.

ప్రపంచ ఆరోగ్యం అనగానే విమానం ఎక్కి వేరే ఖండానికి వెళ్లడం గుర్తుకొస్తుంది. ఆ మాటకు అసలు అర్థం ఎక్కడున్న మనుషులకైనా ఆరోగ్యం సమానంగా అందాలన్న లక్ష్యంతో చేసే అధ్యయనం, పరిశోధన, ఆచరణ. దూరం ఆ నిర్వచనంలో భాగం కాదు. కళాశాల నుంచి గంట ప్రయాణంలో ఉన్న వలస కార్మికుల బస్తీలోనూ ఈ శిక్షణ జరగవచ్చు, సముద్రాలు దాటి వెళ్లిన గ్రామంలోనూ జరగవచ్చు. రెండు చోట్లా విద్యార్థి అతిథే, రెండు చోట్లా నియమాలు అవే.

ఈ వ్యాసం అటువంటి శిక్షణను మొదటిసారి ఏర్పాటు చేయబోతున్న అధ్యాపకుల కోసం. 6 వారాల పాటు విద్యార్థులు అక్కడే ఉండి నేర్చుకునే పద్ధతిని నమూనాగా తీసుకున్నాను. అంతకన్నా తక్కువ వ్యవధి దొరికితే ఒకేసారి గడిపేయడం కంటే, ఏడాది పొడవునా నెలకొకసారి వెళ్లేలా విడగొట్టడం మంచిది. శిక్షణ విలువను విద్యార్థి ఒకే ఇంటికి ఎన్నిసార్లు తిరిగి వెళ్లాడన్న దానితో కొలవాలని నా అభిప్రాయం. రెండు వందల ఇళ్ల సర్వే ఒక పట్టికను ఇస్తుంది. నాలుగోసారి తలుపు తట్టినప్పుడు ఆ ఇంటి ఇల్లాలు మొదటిసారి చెప్పిన జవాబును తానే సవరించడం వైద్యుణ్ణి తయారు చేస్తుంది.

భాగస్వామితో మాట: ఏడాది ముందు

విద్యార్థులు బయలుదేరడానికి కనీసం ఏడాది ముందు పని మొదలు కావాలి. ముందుగా కావలసింది ఊరు కాదు, ఆ ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సంస్థ: ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావచ్చు, మహిళా సంఘం కావచ్చు, ఆరోగ్య కార్యకర్తల బృందం కావచ్చు. శిక్షణ ముగిశాక కూడా అక్కడే ఉండేవారిని భాగస్వామిగా ఎంచుకోండి. విద్యార్థులను తీసుకెళ్లి తీసుకురావడమే వ్యాపారంగా పెట్టుకున్న మధ్యవర్తులకు ప్రజలతో ఉన్న సంబంధం తరచుగా ఒక ఫోన్ నంబరు దగ్గర ఆగిపోతుంది.

మొదటి సమావేశానికి మీ పాఠ్యప్రణాళికను తీసుకెళ్లకండి. "మా విద్యార్థులు ఇక్కడికి వస్తే మీకు కలిగే ఇబ్బందులేమిటి?" అని అడగండి. ప్రయోజనాల గురించి అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు గానీ, ఇబ్బందుల గురించి అడిగినప్పుడే నిజమైన సంభాషణ మొదలవుతుంది. ఒక నర్సు రోజుకు రెండు గంటలు విద్యార్థులకు కేటాయిస్తే ఆ రెండు గంటలు ఎవరో ఒక రోగికి తగ్గుతాయి. దుభాషిగా వచ్చే యువకుడు ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. వసతి, నీళ్లు, వాహనం, ఇంటర్నెట్ ఇవన్నీ ఎవరో సమకూర్చేవే. ఈ ఖర్చు ఆతిథ్యమిచ్చేవారి మీద పడకూడదన్నదీ, ఒప్పందం ఇరువైపులా ప్రయోజనం ఉండేలా రాతపూర్వకంగా కుదరాలన్నదీ ప్రపంచ ఆరోగ్య శిక్షణ నైతిక మార్గదర్శకాల కోసం ఏర్పడిన కార్యబృందం 2010లో ప్రచురించిన సూత్రాల సారాంశంలో ముఖ్యమైన భాగం. వెయిట్ మార్గదర్శకాలుగా పిలిచే ఆ సూత్రాలు ఆతిథ్య సంస్థకూ, పంపే సంస్థకూ, విద్యార్థికీ, నిధులిచ్చేవారికీ వేర్వేరుగా బాధ్యతలు చెబుతాయి. ఒప్పందం రాసే ముందు వాటిని ఇరుపక్షాలూ కలిసి చదవడం అవసరం.

ఒప్పందంలో ఒకసారికి ఎంతమంది విద్యార్థులు రావచ్చో స్పష్టంగా రాయండి. ఆ సంఖ్యను భాగస్వామే నిర్ణయించాలి, మీ తరగతి పరిమాణం కాదు. సేకరించిన సమాచారం ఎవరిది, ఫోటోలు తీయవచ్చా, వ్యాసం ప్రచురిస్తే రచయితల పేర్లలో ఎవరుంటారు, విద్యార్థి ప్రవర్తన బాగా లేకపోతే వెనక్కి పంపే అధికారం ఎవరిది అన్న ప్రశ్నలకు కూడా అందులోనే జవాబులుండాలి. పరిశోధన ఏదైనా ఉంటే రెండు సంస్థల ఎథిక్స్ కమిటీల అనుమతీ కావాలి. ఆ అనుమతికి నెలలు పట్టవచ్చు కాబట్టి, మొదటి ఏడాది పరిశోధన పెట్టుకోకపోవడమే మేలు. బదులుగా మీరేం ఇస్తారన్నది కూడా రాయండి: వాళ్ల కార్యకర్తలకు మీ కళాశాలలో శిక్షణా? వాళ్ల నర్సులు మీ ఆసుపత్రికి వచ్చి నేర్చుకునే అవకాశమా? ఎప్పుడూ ఒకవైపు నుంచే రాకపోకలు సాగే బంధాన్ని భాగస్వామ్యం అనడం కష్టం.

1978 సెప్టెంబరులో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా అటాలో ప్రాథమిక ఆరోగ్య సంరక్షణపై జరిగిన అంతర్జాతీయ సదస్సు, తమ ఆరోగ్య సంరక్షణను యోచించడంలోనూ అమలు చేయడంలోనూ పాల్గొనడం ప్రజల హక్కూ బాధ్యతా అని ప్రకటించింది. ఈ వాక్యాన్ని విద్యార్థులు పరీక్షలో చక్కగా రాస్తారు. శిక్షణను యోచించే సమావేశంలో ఆ ప్రాంతపు మనిషి ఒక్కరైనా కుర్చీలో కూర్చున్నారా అని చూసుకోవడం మన వంతు.

బయలుదేరే ముందు

ఎంపికలో మార్కుల కంటే ఓపికకు ఎక్కువ విలువ ఇవ్వండి. దరఖాస్తులో "నేను ఎలా సహాయం చేయగలను" అని రెండు పేజీలు రాసిన విద్యార్థి కంటే, "నాకు తెలియనిది ఇది" అని అరపేజీ రాసినవాడు ఫీల్డులో తక్కువ ఇబ్బంది పెడతాడని నా అనుభవం. ఎంపికైన వారికి కనీసం ఆరు తరగతులు ముందుగా జరగాలి. వెళ్లే ప్రాంతం చరిత్ర, జీవనాధారాలు, అక్కడి ఆరోగ్య వ్యవస్థ నిర్మాణం, అక్కడ ఇంతకుముందు ఎవరెవరు వచ్చి ఏమేం చేసి వెళ్లారన్నది మొదటి రెండు తరగతుల్లో చెప్పాలి. వీలైతే ఆ పాఠం భాగస్వామి సంస్థ మనిషే చెప్పాలి. భాష తెలియని చోటయితే పలకరింపులు, బంధుత్వాల పిలుపులు, శరీర భాగాల పేర్లు, నొప్పికీ జ్వరానికీ విరేచనాలకూ వాడే మాటలు నేర్పాలి. ఒకటి రెండు వాక్యాలు తప్పుగా మాట్లాడినా సరే, మాట్లాడే ప్రయత్నమే తలుపు తెరుస్తుంది.

ఒక తరగతిని పూర్తిగా కల్పిత సందర్భాలకు కేటాయించి, విద్యార్థుల చేత నటింపజేయండి. ప్రసవం దగ్గర మనుషులు చాలక "నువ్వు కూడా డాక్టరువేగా, రా" అని పిలిస్తే ఏమనాలి? ఇంటివాళ్లు డబ్బు అడిగితే? భర్త ఎదుట భార్య మాట్లాడలేకపోతుంటే? ఇటువంటి చోట్ల మాటలు ముందే నోటికి అలవాటై ఉంటే తప్ప ఆ క్షణంలో దొరకవు. ముఖ్యంగా "నేను ఇంకా విద్యార్థిని, నాకు ఇది చేసే అనుమతి లేదు, చేయగలవారిని పిలుస్తాను" అన్న వాక్యాన్ని అక్కడి భాషలో ప్రతి విద్యార్థీ తడుముకోకుండా చెప్పగలగాలి.

టీకాల సంగతి చివరి వారానికి వాయిదా వేయకూడదు. హెపటైటిస్ బి టీకా మామూలు పద్ధతిలో 0, 1, 6 నెలల్లో మూడు మోతాదులు. చివరి మోతాదు తరువాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీల పరీక్ష చేయించి, మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లకు తగ్గకుండా ఉన్నాయో లేదో చూడాలి. పచ్చజ్వరం టీకా తప్పనిసరైన దేశాలకు వెళ్లేటప్పుడు ధ్రువపత్రం టీకా వేసిన 10 రోజుల తరువాత నుంచే చెల్లుతుంది. సూది గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో, హెచ్‌ఐవీ నివారణ మందులు అతి సమీపంలో ఎక్కడ దొరుకుతాయో రాసిన కాగితం ప్రతి విద్యార్థి జేబులో ఉండాలి. ఆ మందులు వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. వీటన్నిటి కంటే పెద్ద ప్రమాదం రోడ్డు. 5 నుంచి 29 ఏళ్ల వారి మరణాలకు ప్రపంచవ్యాప్తంగా ప్రథమ కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మన విద్యార్థులు సరిగ్గా ఆ వయసువారే. రాత్రి ప్రయాణాలు, హెల్మెట్ లేని ద్విచక్ర వాహనం, కిక్కిరిసిన వాహనాల పైకప్పులు పూర్తిగా నిషేధమని రాసి సంతకం పెట్టించండి.

మొదటి వారం: ప్రశ్నపత్రం లేకుండా

మొదటి వారం విద్యార్థుల చేతిలో ప్రశ్నపత్రం ఉండకూడదు. ఈ నియమానికి విద్యార్థుల కంటే అధ్యాపకులే ఎక్కువగా అడ్డు చెబుతారు, ఎందుకంటే ఖాళీ లాగ్‌బుక్ చూస్తే మనకు భయం. ఆ వారమంతా ఇద్దరిద్దరుగా స్థానిక ఆరోగ్య కార్యకర్త వెంట తిరగాలి, సంచి మోయాలి, ఆమె ఎవరింట్లో కూర్చుంటుందో, ఎవరి గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడి వెనుదిరుగుతుందో గమనించాలి. ఏదో ఒకరోజు ప్రాంతం ఒక చివర నుంచి మరో చివరకు నడవాలి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, మురుగు ఎటు పోతోంది, మందుల దుకాణం ఎంత దూరం, చీకటి పడ్డాక ఏ దారిలో ఆడవాళ్లు నడవరు అన్నవి నడిస్తేనే తెలుస్తాయి. 

తరువాత పటం గీయించాలి. విద్యార్థులు గీసేది కాదు, అక్కడివాళ్లు నేల మీదో పెద్ద కాగితం మీదో గీసే పటం. ఆడవాళ్ల గుంపూ మగవాళ్ల గుంపూ పిల్లల గుంపూ విడివిడిగా గీస్తే మూడు వేర్వేరు ఊళ్లు కనిపిస్తాయి. మగవాళ్ల పటంలో మధ్యలో ఉన్న ఆరోగ్య కేంద్రం ఆడవాళ్ల పటంలో అంచుకు జరిగితే, దాని గురించి మాట్లాడటానికే ఒక సాయంత్రం సరిపోదు.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు 1970లో ప్రారంభించిన గ్రామీణ ఆరోగ్య కార్యక్రమంలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తయారైన స్త్రీలలో చాలామందికి చదువు రాదు. తరువాతి కాలంలో దేశవిదేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు వాళ్లే పాఠాలు చెప్పారు. మీ శిక్షణలోనూ స్థానిక కార్యకర్తకు గురువు స్థానం ఇవ్వండి. ఆమె పేరు అధ్యాపకుల జాబితాలో ఉండాలి, గౌరవ వేతనం ఉండాలి, విద్యార్థి మూల్యాంకనంలో ఆమె మాటకు విలువ ఉండాలి.

నాలుగు కుటుంబాలు, నాలుగు సందర్శనలు

రెండో వారం నుంచి ప్రతి జంటకూ నాలుగు కుటుంబాలను అప్పగించండి. అయిదైనా సరే, అంతకు మించి వద్దు. కుటుంబాల ఎంపిక కార్యకర్త చేస్తుంది. చిన్నపిల్లలున్న ఇల్లు ఒకటి, దీర్ఘకాలిక వ్యాధి ఉన్న పెద్దవారున్న ఇల్లు ఒకటి, ఎవరూ పెద్దగా వెళ్లని ఇల్లు ఒకటి తప్పనిసరిగా ఉండేలా చూడమని ఆమెను అడగండి. మూడో రకం ఇంటిని చూపించడానికి మొదట ఆమె వెనకాడవచ్చు. ఆ వెనకాడటం కూడా పాఠంలో భాగమే.

మొదటి సందర్శన పరిచయానికి. మేమెవరం, ఎందుకు వచ్చాం, ఎన్నిసార్లు వస్తాం, మీరు వద్దంటే ఏ క్షణంలోనైనా ఆగిపోతాం, దానివల్ల మీకు ఆరోగ్య కేంద్రంలో అందే సేవ ఏమాత్రం తగ్గదు అని చెప్పి అంగీకారం తీసుకోవాలి. మేం చికిత్స చేయం అన్న మాట కూడా అప్పుడే చెప్పాలి. తెల్లకోటు వేసుకోకూడదు. అరగంట మించకూడదు.

రెండో సందర్శనలో కుటుంబ వివరాలు. ఇక్కడ "మీ ఇంట్లో ఎంతమంది?" అన్న ప్రశ్న పైకి కనిపించేంత సులువు కాదు. వలస వెళ్లిన కొడుకును లెక్కిస్తారు, చదువుకోసం వచ్చి ఉంటున్న మేనకోడలిని మరిచిపోతారు. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లు ఎవరెవరు అని అడిగితే లెక్క తేలుతుంది. గతం గురించి అడిగేటప్పుడు కాలపరిమితి ఇవ్వాలి. పిల్లలకు విరేచనాలు గత రెండు వారాల్లో అయ్యాయా అనే అడుగుతారు తప్ప "ఎప్పుడైనా" అని అడగరు, ఎందుకంటే జ్ఞాపకం రెండు వారాలు దాటితే ఊహలో కలిసిపోతుంది. ఆసుపత్రి ఖర్చు, జననాలు, మరణాలు ఏడాది కాలానికి అడగవచ్చు. మరణం గురించి అడిగే ప్రశ్నను పట్టికలోని తొమ్మిదో ప్రశ్నగా చదివేయకూడదు. ఆ జవాబు వచ్చాక పెన్ను కింద పెట్టడం నేర్పండి.

మూడో సందర్శన కొలతలకు. 6 నుంచి 59 నెలల పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం, 11.5 నుంచి 12.5 లోపు మధ్యస్థ లోపం. రెండు పాదాల్లోనూ వాపుంటే కొలత ఎంతున్నా తీవ్రమైనదిగానే భావించాలి. ఊపిరి వేగం పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి: 2 నుంచి 11 నెలల బిడ్డలో 50 గానీ అంతకు మించి గానీ, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డలో 40 గానీ అంతకు మించి గానీ ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టే. బిడ్డ ఏడుస్తుంటే ఆ లెక్క పనికిరాదు. పెద్దవారికి రక్తపోటు చూసే ముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. ఈ కొలతలన్నీ ముందే కళాశాలలో చేతికి అలవాటు చేయించి, ఇద్దరు విద్యార్థులు అదే బిడ్డను కొలిస్తే ఎంత తేడా వస్తోందో చూపించండి. తేడా చూసి విద్యార్థులు నివ్వెరపోతారు, పుస్తకంలోని అంకెలను అప్పటి నుంచి కొంచెం అనుమానంగా చదువుతారు.

కొలత తీసిన చోట జబ్బు బయటపడుతుంది. అప్పుడేం చేయాలన్నది కొలత మొదలుపెట్టకముందే తేలి ఉండాలి. పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, మూర్ఛ, మగత అన్న నాలుగు ప్రమాద సూచనలలో ఏది కనిపించినా విద్యార్థి ఆ క్షణమే కార్యకర్తకు చెప్పాలి, వాహనం ఏర్పాటు బాధ్యత మీ శిక్షణదే. చికిత్స అందే దారి లేని చోట ఆ వ్యాధికి పరీక్ష చేయడం తప్పు. రక్తపోటు మందులు మూడు నెలలుగా రాని కేంద్రం పరిధిలో ఇల్లిల్లూ తిరిగి రక్తపోటు కొలిచి "మీది ఎక్కువుంది" అని చెప్పి వచ్చేయడం వల్ల కలిగేది భయమే.

నాలుగో సందర్శనకు విద్యార్థి చేతిలో ఏమీ ఉండదు. మేమిలా అర్థం చేసుకున్నాం, సరేనా అని అడగడానికే వెళ్తాడు. అసలు సంగతులు బయటికొచ్చేది ఇక్కడే. మొదట "మందులు వాడుతున్నాం" అన్న వృద్ధుడు ఒక మాత్రను రెండు రోజులకు సర్దుకుంటున్నానని చెబుతాడు. మరుగుదొడ్డి ఉందని చెప్పిన ఇంట్లో దానిలో కట్టెలు పేర్చారని తెలుస్తుంది. మొదట అబద్ధం చెప్పారని విద్యార్థి నొచ్చుకుంటే, పరాయివాడికి ఎవరైనా అదే చెబుతారని ఓపికగా వివరించండి. కాగితం మీద కొట్టివేసి రాసిన జవాబును అలాగే ఉంచమని చెప్పండి, రెండూ కనిపించాలి.

దుభాషి గురించి ఒక మాట. ఇంటి పిల్లల చేత అనువాదం చేయించకూడదు. పొరుగింటివారి చేతా వద్దు, తెల్లారేసరికి ఆ సంగతి వీధంతా పాకుతుంది. విద్యార్థి దుభాషి వైపు కాకుండా మాట్లాడే మనిషి వైపు చూడాలి, ఒక్కో వాక్యంతో ఆగాలి. దుభాషి పది వాక్యాల జవాబును "లేదంటున్నారు" అని ఒక్క ముక్కలో చెబితే, మిగిలిన తొమ్మిదీ అడగాలి.

చేయకూడని పనుల హద్దు

సూత్రం చిన్నది: సొంత కళాశాలలో ఏ పనిని ఎంత పర్యవేక్షణలో చేయడానికి విద్యార్థికి అనుమతి ఉందో, ఇక్కడా అంతే. వైద్యులు తక్కువున్న చోట విద్యార్థి కూడా ఉపయోగపడతాడు కదా అన్న వాదన వినడానికి బాగుంటుంది. అయితే 1971లో బ్రిటన్ వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ చెప్పినట్టు మంచి వైద్యం అవసరం ఎక్కువున్న చోటే అది తక్కువగా దొరుకుతుంది. అనుభవం లేని చేతుల్ని అక్కడికే పంపితే ఆ లోటును మనం పెంచినట్టు. తప్పు జరిగితే మళ్లీ చూపించుకోవడానికి మరో ఆసుపత్రి లేనివారి మీద సాధన చేయడం కంటే, అన్నీ ఉన్న చోట సాధన చేసి రావడమే న్యాయం. అనుమతించిన పనులూ నిషేధించినవీ ఒక పేజీ జాబితాగా రాసి, ఆతిథ్య సంస్థ సిబ్బందికీ ఇవ్వండి. లేకపోతే మర్యాద కొద్దీ వాళ్లే కత్తెర చేతికిస్తారు, మొహమాటం కొద్దీ విద్యార్థి తీసుకుంటాడు.

ప్రశ్న ఎక్కడి నుంచి రావాలి

నాలుగో వారానికి విద్యార్థుల దగ్గర ఇరవై, ముప్పై కుటుంబాల గాథలూ కొన్ని అంకెలూ ఉంటాయి. ఇప్పుడు సమూహ రోగనిర్ధారణ చేయాలి. ఒక రోగిని పరీక్షించినట్టే సమూహాన్నీ పరీక్షించి ఏది ముఖ్యమో తేల్చడం ఇది. ఈ పద్ధతి మూలాలు దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతంలో, 1940లో వైద్యులు సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ నడపడం ప్రారంభించిన ఫోలేలా ఆరోగ్య కేంద్రంలో కనిపిస్తాయి. కార్క్ దంపతులు క్లినిక్‌కు వచ్చిన రోగులతో సరిపెట్టుకోకుండా, హద్దులు గీసుకున్న ఒక ప్రాంతంలోని ఇళ్లన్నిటినీ తమ బాధ్యతగా తీసుకుని, స్థానికుల్ని కార్యకర్తలుగా తయారుచేసి, పోషకాహార లోపానికి చికిత్సగా కూరగాయల తోటలు పెంచేలా ప్రోత్సహించారు.

ఆ కేంద్రం ఒక వైద్య విద్యార్థిని ఏం చేసిందో తెలుసుకోవడం మనకు మరీ అవసరం. 1957లో హెచ్. జాక్ గైగర్ అనే అమెరికా విద్యార్థి అక్కడికి వెళ్లి కొన్ని నెలలు నేర్చుకున్నాడు. తరువాతి దశాబ్దంలో ఆయన, కౌంట్ గిబ్సన్ అనే మరో వైద్యుడు కలిసి అమెరికాలో మొదటి సామాజిక ఆరోగ్య కేంద్రాలను స్థాపించారు. బోస్టన్‌లో ఒకటి, మిసిసిపీలోని మౌండ్ బాయూలో ఒకటి. మౌండ్ బాయూ కేంద్రంలో ఆకలితో ఉన్న పిల్లలకు వైద్యులు ఆహారాన్నే మందు చీటీ మీద రాసి, ఆ బిల్లును మందుల ఖాతా కింద చెల్లించేవారు. నిధులిచ్చే ప్రభుత్వ కార్యాలయం అభ్యంతరం చెబితే, మేం చదివిన పుస్తకాల్లో పోషకాహార లోపానికి మందు ఆహారమేనని ఉందన్నది గైగర్ జవాబు. ఒక విద్యార్థి పరాయి దేశంలో నేర్చుకున్నది తన సొంత దేశంలోని పేదల దగ్గరకు ఇలా చేరింది. శిక్షణ ఫలితం ఎక్కడ, ఎన్నేళ్లకు కనిపిస్తుందో ముందుగా చెప్పలేం కాబట్టే, ఆరో వారం చివర ఏదో ఒక గొప్ప ప్రాజెక్టు చూపించాలన్న ఆత్రం తగ్గించుకోవాలి.

సమస్యను ఎంచుకునేటప్పుడు విద్యార్థుల జాబితానూ ప్రజల జాబితానూ పక్కపక్కన పెట్టండి. విద్యార్థులు మధుమేహం అంటారు, ప్రజలు కుక్కల బెడద అంటారు. మధుమేహమే ముఖ్యమని నిరూపించడానికి అంకెలు దొరకవచ్చు, అయినా మొదటి ఏడాది కుక్కల సంగతే చూడండి. రేబిస్ తక్కువ ప్రాణాంతకమేమీ కాదు, పైగా అడిగింది విన్నారన్న నమ్మకం కుదిరితే రెండో ఏడాది మధుమేహం గురించి వాళ్లే అడుగుతారు. అంకెలు కావాలనుకుంటే చిన్న ప్రాంతంలో కొన్ని ఇళ్లనే నమూనాగా ఎంచుకునే గొడవ లేకుండా ఇళ్లన్నీ తిరగడమే సులువు. పెద్ద ప్రాంతమయితే టీకాల సర్వేలలో వాడుకలోకి వచ్చిన 30 క్లస్టర్లు (ఇళ్ల గుంపులు), ఒక్కోదానిలో 7గురు పిల్లలు అన్న పద్ధతిని నేర్పవచ్చు. ఏ అంకె చెప్పినా "ఎంతమందిలో?" అన్న హారం చెప్పకుండా చెప్పనివ్వకండి.

సాయంత్రపు కూడిక, మూల్యాంకనం

ప్రతి సాయంత్రం గంటసేపు అందరూ కూర్చోవాలి. మూడే ప్రశ్నలు చాలు: ఇవాళ ఏం చూశాను, అది చూసినప్పుడు నాలో ఏం కదిలింది, రేపు ఏం వేరుగా చేస్తాను. కుటుంబాల పేర్లు ఆ గది దాటకూడదు. సామాజిక మాధ్యమాల్లో పిల్లల ఫోటోలు పెట్టడం గురించి ఒప్పందంలో రాసినా, ఈ కూడికలో మరోసారి చెప్పండి. పేదరికాన్ని దగ్గరగా చూసి కొందరు కుంగిపోతారు, కొందరు కోపంతో రగులుతారు, ఒకరిద్దరు ఏమీ జరగనట్టే ఉంటారు. మూడో రకం వారితో విడిగా మాట్లాడాలి.

మార్కుల విషయానికొస్తే, చివర్లో రాతపరీక్ష వల్ల తెలిసేది స్వల్పం. రోజూ రాసిన డైరీ, ఒక కుటుంబం గురించి నాలుగు సందర్శనల కథనం, కొలతల నైపుణ్యాన్ని ఎదురుగా చూసి వేసిన మార్కులు, స్థానిక కార్యకర్త అభిప్రాయం ఈ నాలుగూ చాలు. కార్యకర్తను మార్కులు అడిగితే అందరికీ పదికి పది వేస్తుంది. "మళ్లీ ఈ విద్యార్థిని మీతో పంపితే తీసుకెళ్తారా?" అని అడగండి, ఆమె ముఖమే జవాబు చెబుతుంది.

తెలిసింది తిరిగి ఇవ్వడం

ఆరో వారంలో, వెళ్లిపోవడానికి కనీసం మూడు రోజుల ముందు, ప్రజల ముందు కూర్చుని తెలిసింది చెప్పాలి. చివరి రోజున పెడితే ప్రశ్నలడగడానికి వ్యవధి ఉండదు, అది వీడ్కోలు సభగా మారి దండలతో ముగుస్తుంది. వాళ్ల పని వేళలు చూసి సమయం పెట్టండి. శాతాలు వద్దు, "పదిమంది పిల్లల్లో ముగ్గురు" అని చెప్పండి, వీలైతే పది గింజలు పెట్టి మూడు పక్కకు జరపండి. ఏ ఇల్లూ గుర్తుపట్టేలా ఉండకూడదు. ఇరవై ఇళ్లున్న వీధిలో "ఒక వికలాంగ బాలిక" అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. కొన్ని సంగతులు సభలో కాక ఆ ఇంటివారికే చెప్పాలి, కొన్ని ఆరోగ్య కేంద్రం సిబ్బందితో మాత్రమే మాట్లాడాలి. వాళ్ల లోపాల్ని జనం ఎదుట ఎత్తిచూపి మనం బస్సెక్కేస్తే, మర్నాటి నుంచి ఆ జనాన్ని ఎదుర్కోవలసింది వాళ్లే. సభలో ఎవరైనా "అది తప్పు" అంటే ఆ మాటను నివేదికలో రాయాలి.

నివేదిక ప్రతి ఒకటి స్థానిక భాషలో అక్కడే ఉండాలి. పేర్లు తీసేసిన సమాచారం భాగస్వామి సంస్థకు, వాళ్లు తెరవగలిగే రూపంలో ఇవ్వాలి. వచ్చే ఏడాది నిధుల కోసం వాళ్లు దరఖాస్తు చేసుకునేటప్పుడు ఆ అంకెలు పనికొస్తాయి.

తరువాతి జట్టు

కళాశాలకు తిరిగొచ్చిన రెండు మూడు వారాలకు ఒకసారి, మూడు నెలలకు మరొకసారి విద్యార్థులను కూర్చోబెట్టండి. అక్కడ ఉన్నప్పటి కంటే వచ్చాకే కొందరికి నిద్ర పట్టదు. మలేరియా ప్రాంతం నుంచి వచ్చినవారికి జ్వరం వస్తే నెలల తరువాతైనా సరే రక్తపరీక్ష చేయించాలని మరోసారి చెప్పండి. నివారణ మాత్రల్లో డాక్సీసైక్లిన్ లాంటివి తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వాడాలి, చాలామంది ఇంటికి చేరగానే మానేస్తారు. భాగస్వామి సంస్థతో కూర్చుని ఈసారి వాళ్ల మీద ఎంత భారం పడిందో లెక్క చూసుకోండి. వచ్చే ఏడాది వద్దంటే ఆ మాటను మన్నించండి, ఒప్పందంలో ఆ వెసులుబాటు ఉండాలి.

కుటుంబాల రిజిస్టరు కార్యకర్త దగ్గరే తాళం వేసి ఉంచాలి. తరువాతి జట్టు కొత్త కుటుంబాలతో మొదలుపెట్టకుండా అవే ఇళ్లకు వెళ్లాలి. వీలైతే పాత జట్టులోని ఒక విద్యార్థి మొదటి రోజు వాళ్ల వెంట వెళ్లి, ఆ గడప దగ్గర కొత్తవాళ్లను పరిచయం చేసి, తను పోయినసారి అడిగిన వృద్ధుడి మాత్రల సంగతి ఏమయిందో ముందుగా తానే అడగాలి.